థింసా మీద బతుకు బరువు పెట్టకండి

విశాఖపట్నంలో కాపురం ఉన్నవాళ్ళకి జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది: వచ్చిన చుట్టాలందరినీ అరకు తిప్పడం. కార్తీక మాసంలో మొదలై సంక్రాంతి దాటేదాకా మా ఇంట్లో ఇదే హడావుడి. పొద్దున్నే కిరండూల్ రైలు, అద్దాల బోగీలో సీట్లు దొరికాయా లేదా అన్న టెన్షన్, బొర్రా గుహలు, రోడ్డు పక్కన బొంగులో చికెన్, సాయంత్రం రిసార్టులో చలిమంట, మంట చుట్టూ గిరిజనుల ఆట థింసా. వచ్చేటప్పుడు ఒక కాఫీపొడి ప్యాకెట్టు, పిల్లలకి చెక్కబొమ్మ. హైదరాబాదు వాళ్ళయినా డాలస్ వాళ్ళయినా ఘాట్ రోడ్డు దిగుతూ ఒకే మాట అంటారు. "ఇలా టూరిస్టులు వస్తూ ఉంటేనే కదా, వీళ్ళ కల్చర్ బతికేది!"

మంచి మనసుతోనే అంటారు. పర్యాటక శాఖ ప్రకటనల్లో ఉండేదీ ఇదే: పర్యాటకుడు డబ్బు తెస్తాడు, ఆ డబ్బు కోసం కొండవాళ్ళు ఆట మానకుండా ఆడతారు, బుట్ట మానకుండా అల్లుతారు, ఆ రకంగా ఆటా బుట్టా నిలుస్తాయి. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. నాకు మాత్రం ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. ఆటకీ బుట్టకీ కడుపు నింపే పని అప్పజెప్పిన రోజునుంచే అవి పాడవడం మొదలవుతుంది. కడుపు నింపే పని భూమి చెయ్యాలి, అడవి చెయ్యాలి. పర్యాటకుడు ఇచ్చేది పైసంపాదనగా ఉన్నంతకాలం మేలే. అదే కూడుగా మారితే ఇక ఆటలో ఏం ఉండాలో, ఎంతసేపు ఉండాలో చెప్పేది ఊరు కాదు, గది అద్దెకి తీసుకున్నవాడు.

ముందు థింసా సంగతి చెప్తాను. చైత్రమాసంలో అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట, ముంచంగిపుట్టు వైపు ఇటుకల పండగ చేసుకుంటారు. విత్తనాలకి పూజ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు (ఈ రోజుల్లో అది చాలాచోట్ల పేరుకి వేట). ఊళ్ళో ఆడవాళ్ళు రోజుల తరబడి ఆడతారు. ఆ రోజుల్లో మీరు ఆ దారిన కారులో వెళ్తే రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, చుట్టూ చేరి ఆడి పాడి, చేతిలో ఏదో ఒకటి పెట్టేదాకా బండి కదలనివ్వరు. మా చుట్టాల్లో ఒకాయన దీన్ని దారిదోపిడీ అని తెగ చిరాకు పడ్డాడు. నాకైతే అరకులో పర్యాటకుడికీ ఊరికీ మధ్య జరిగే బేరాలన్నిటిలో ఇదొక్కటే సరైన బేరం అనిపిస్తుంది. పండగ వాళ్ళది. రోజు వాళ్ళు పెట్టుకున్నది. రోడ్డు వాళ్ళ ఊరి మీదుగా పోతోంది. రేటు వాళ్ళే చెప్తారు. మనం దారిన పోయేవాళ్ళం, అంతే.

థింసా అని మనం ఒక్క పేరుతో తేల్చేస్తాం గానీ అందులో రకాలున్నాయి. ఊరి దేవత కోసం ఆడేది బోడ థింసా. అడవిలో ఆకు కోసే పని ఆటగా మారితే పొతర్ తోల. పులి ఎదురైతే ఎలా తప్పించుకోవాలో చూపేది బాగ్ థింసా. పూనకం వచ్చిన మంత్రగాడి చుట్టూ తిరిగేది బాయ థింసా. గుండేరి, గొడ్డి బేట, నాటికారి, కుండ అని ఇంకా ఉన్నాయి. ఒకరి నడుం వెనక నుంచి ఇంకొకరు చేతులు పెనవేసుకుని ఆడవాళ్ళు వరసకడతారు. మొదట నిలబడ్డామె చేతిలో నెమలీకల కట్ట ఉంటుంది. తుడుము, డప్పు, కిరిడి, మోరి మోగుతాయి. వరస వంపులు తిరుగుతూ విడిపోకుండా సాగాలి. అడుగు తప్పితే పక్కామెకి నడుం దగ్గర తెలిసిపోతుంది, చూసేవాళ్ళకి తెలియకపోయినా.

రిసార్టులో ఆడేది అరగంట. అది బోడ థింసానో బాగ్ థింసానో అడిగే నాథుడు ఉండడు. అందరికీ ఒకే రంగు సింథటిక్ చీరలు, స్కూలు యూనిఫాంలా. కాసేపటికి అతిథులు వరసలో దూరిపోతారు, ఒక చేత్తో పక్కామె నడుం, ఇంకో చేత్తో ఫోను. వరస అక్కడితో తెగుతుంది. ఆ తర్వాత స్పీకరులో సినిమా పాట పెడతారు. ఒకసారి ఆట అయిపోయాక ఒక పక్కన కూర్చుని టీ తాగుతున్న పెద్దావిడని అడిగాను, ఊళ్ళో కూడా ఇలాగే ఆడతారా అమ్మా అని.

"ఊర్లో అయితే తెల్లారిందాకా ఆడతాం బాబూ. ఎవులు సూసినా సూడకపోయినా ఆడతాం. ఇక్కడ ఆళ్ళు సాలన్నప్పుడు ఆపేత్తాం."

మరి విసుగు రాదా అంటే నవ్వింది. "ఇసుగెందుకు? కూలికెల్తే రోజంతా వంగాల. ఇది కొంచెంసేపే కదా."

అదీ సంగతి. కాబట్టి గిరిజనులు డబ్బు కోసం ఆడుతున్నారు అని మూతి విరిచేవాళ్ళ గుంపులో నేను చేరను. మన పెళ్ళిళ్ళలో సన్నాయి మేళం వాళ్ళు ఊరికే వాయిస్తున్నారా? డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. ఎవరూ చూడకపోయినా ఆడే ఆట ఊళ్ళో ఉన్నంతకాలం, రిసార్టులో ఆడే అరగంట దానికి చేసే చెరుపు పెద్దగా లేదు. ఆ తెల్లవారేదాకా ఆడే ఆట పోయి ఈ అరగంటే మిగిలితే? పదేళ్ళ పిల్ల థింసా అంటే ఇదే అని నేర్చుకుంటే? అప్పుడు ఎంతమంది టూరిస్టులు వచ్చినా నిలబడింది ఏమీ లేదు.

మరి ఊళ్ళో తెల్లవారేదాకా ఆట సాగాలంటే ఏం కావాలి? ఊళ్ళో మనుషులుండాలి. వాళ్ళు వలసపోకుండా ఉండాలంటే పొలం ఉండాలి. విత్తనాలకి పండగ చేయాలంటే విత్తడానికి నేల ఉండాలి. ఇంత చిన్న విషయాన్ని సంస్కృతి పరిరక్షణ మీద జరిగే సదస్సుల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే 1/70 గురించి మాట్లాడాల్సి వస్తుంది.

తెలియనివాళ్ళకి: షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో మొదటి రెగ్యులేషన్‌తో గట్టిపరిచారు. అదే 1/70. దీని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనలేడు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, కాదని రుజువు చేసుకునేదాకా అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందే అని చట్టం అనుకుంటుంది. ఇక 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకి గనులు లీజుకివ్వడానికి వీల్లేదంది. ఆ కేసు ఎక్కడ పుట్టిందో మా చుట్టాలకి చెప్తే ఆశ్చర్యపోతారు. వాళ్ళు సెల్ఫీలు దిగి వచ్చిన బొర్రా చుట్టుపక్కలే, అనంతగిరి మండలంలో. అక్కడి రాయి కోసం గనులు తవ్వుతుంటే ఊళ్ళవాళ్ళు, సమత సంస్థ కలిసి కోర్టుకెక్కారు. ఆ తీర్పు రాకపోతే బొర్రా చుట్టూ ఉన్న కొండల్లో ఎన్ని ఇవాళ కొండలుగా ఉండేవో చెప్పడం కష్టం. పర్యావరణ పర్యాటకం అని ఇప్పుడు మనం టికెట్ కొని చూస్తున్న పచ్చదనానికి మూలం ఆ కోర్టు కాగితాల్లో ఉంది.

2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగింది. టూరిజం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలని ఆ వేదిక మీద అసెంబ్లీ స్పీకరే అన్నారు. దానికి నిరసనగా ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది. చట్టాన్ని తీసేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఆ రెండురోజులూ అరకు ట్రిప్పు క్యాన్సిల్ అయిందని మా వీధిలో కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ బంద్ ఏ గిరిజన ఉత్సవం కన్నా పెద్ద సంస్కృతి పరిరక్షణ కార్యక్రమంగా కనిపించింది.

"మరి ఊటీ చూడండి, ఎంత అభివృద్ధి అయిందో" అనేవాళ్ళుంటారు. చూశాను. నీలగిరుల్లో పచ్చికబయళ్ళ మీద గేదెలు మేపుకునే తోడా గిరిజనులు ఉండేవాళ్ళు, ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ ఎరుపు నలుపు అల్లికకి 2013లో జీఐ, అంటే ఫలానా చోటి సరుకు అన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పచ్చిక మాత్రం చాలామటుకు టీ తోటలు, యూకలిప్టస్, హోటళ్ళు అయిపోయింది. శాలువా మిగిలి మేత పోయిన చోటుని ఆదర్శంగా చూపిస్తే ఎలా?

ఇక కాఫీ. నా వాదనలో కాస్త ఇబ్బంది పెట్టేది ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెప్తాను. కాఫీ కొండవాళ్ళ పంట కాదు. 1898 ప్రాంతంలో తెల్లవాళ్ళు తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో నాటించారు. తర్వాత అటవీశాఖ, ఆపైన ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) దాన్ని అరకు, పాడేరు, చింతపల్లి వైపు పరిచాయి. పండించే చాలా ఇళ్ళలో పొద్దున్నే తాగేది కాఫీ కాదు, చోడి అంబలి. అంటే ఏ రకంగా చూసినా ఇది వాళ్ళ సంప్రదాయం కిందకి రాదు. అయినా ఈ కొండల సంప్రదాయాన్ని నిలబెట్టినవాటిలో దీనికే ముందు చోటు ఇస్తాను.

ఎందుకంటే చెట్టు వాళ్ళది. నేల వాళ్ళది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ ఓక్ మానుకే ఎగబాకే మిరియం పాదు. నవంబరు నుంచి పళ్ళు ఎర్రబడతాయి. అన్నీ ఒకేసారి ఎర్రబడవు కాబట్టి ఒక్కో చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి పండినవే ఏరుకోవాలి. పచ్చికాయ కలిస్తే ధర పడిపోతుంది. ఒకప్పుడు సంతకి తెచ్చిన గింజని, ముందే అప్పిచ్చిన వ్యాపారి చెప్పిందే ధరగా పోసి వచ్చేవాళ్ళు. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ కాఫీ కొనుగోలులోకి దిగడం, రైతులు సొంతంగా సహకార సంఘాలు పెట్టుకోవడం, 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరవడం, 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ రావడం, ఇవన్నీ కలిసి ఆ బేరాన్ని కొంత మార్చాయి. పూర్తిగా మార్చాయని అనను. వ్యాపారి ఇంకా ఉన్నాడు. అయినా లక్షకు పైగా గిరిజన కుటుంబాలకి ఏటా చేతికి డబ్బు వచ్చే దారి ఒకటి ఏర్పడింది. ఆ డబ్బు కోసం వాళ్ళు ఎవరి ముందూ ఆడక్కర్లేదు, పాడక్కర్లేదు, నెత్తిన ఈకలు పెట్టుకుని ఫొటోకి నిలబడక్కర్లేదు. చైత్రానికి పళ్ళు ఏరడం అయిపోతుంది. తోటలో తెల్లటి పూత వస్తుంది. అప్పుడు పండగ వస్తుంది. పంట క్యాలెండరూ పండగ క్యాలెండరూ ఒకదాన్నొకటి తొక్కుకోవు.

కాఫీకి తన తప్పులు తనకున్నాయి. ఓక్ చెట్లే నీడ అయిపోయి అడవిలో పనస, మామిడి లాంటివి వెనకబడ్డాయి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ ఓక్‌లు విరిగి కాఫీ మీద పడి తోటలకి తోటలే పోయాయి. 2025లో అరకు మండలంలో కాయతొలిచే పురుగు బయటపడి రైతులకి నిద్రలేకుండా చేసింది. ఒక్క పంట మీదే అంతా ఆనుకోవడం మంచిది కాదని వాళ్ళకి మనం చెప్పాల్సిన పని లేదు. సామలు, చోళ్ళు, పసుపు, పిప్పలి, రాజ్‌మా వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

వలిసెలు కూడా. శీతాకాలం ముందు కొండవాలు పసుపుపచ్చగా కనిపించే ఫొటోలు మీరు చూసే ఉంటారు. అది నూనెగింజ పంట. కారు ఆపి చేలో దూరి, మొక్కల్ని తొక్కి, పడుకుని కూడా ఫొటోలు దిగేవాళ్ళని చూసి చూసి, రైతులు కొందరు చేను చుట్టూ తాడు కట్టి మనిషికింత అని వసూలు చేస్తున్నారు. దీనిమీద కూడా మనవాళ్ళకి ఫిర్యాదే, పువ్వుల్ని చూడ్డానికి కూడా డబ్బులా అని. అవును మరి. అది వాళ్ళ నూనె. చేను ఉంది, పంట ఉంది, పంటతో పాటు ఫొటో డబ్బులు కూడా వచ్చాయి. పర్యాటకం ఎంతలో ఉండాలో ఆ తాడు చూపిస్తోంది.

చేతిపనుల దగ్గరికి వస్తే మనకి కళ్ళు సరిగా ఆనవు. బొర్రా ముందు, మ్యూజియం ముందు వరసగా ఉండే దుకాణాల్లో ‘ట్రైబల్ హ్యాండీక్రాఫ్ట్స్’ బోర్డు కింద చూడండి. పూసల దండలు, కీచైన్లు, చెక్క ఏనుగులు, ఏ ఊరి సంతలోనైనా దొరికే సరుకు. అందులో మంచివి, అంటే ఏటికొప్పాక బొమ్మలు, మన రాష్ట్రానివే గానీ ఈ కొండలవి కావు. వరాహ నది ఒడ్డున మైదానంలో చేసేవి. వాటి సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే చేతిపని ఎలా నిలుస్తుందో అక్కడ తెలుస్తుంది. అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, కర్రని తిప్పి చెక్కే లేత్ మీద సులువుగా తిరుగుతుంది, లక్క బాగా పడుతుంది. రసాయన రంగులు వచ్చి బొమ్మ చెడిపోతున్నప్పుడు సి.వి. రాజు గారు ఆకులు, బెరడు, గింజల నుంచి రంగులు తీసే పద్ధతిని తిరిగి నిలబెట్టారు. 2017లో జీఐ వచ్చింది, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇన్ని వచ్చినా అంకుడు చెట్టు దొరక్కపోతే బొమ్మ లేదు. బొమ్మల ఊరు మైదానంలో ఉన్నా దాని వేరు అడవిలోనే ఉంది.

అసలు కొండ చేతిపని చూడాలంటే దుకాణాల దగ్గర కాదు, వారపు సంతలో చూడాలి. ఉప్పు, ఎండుచేపలు, గాజులు, కోళ్ళు, వాటి మధ్య ఒక వరస బుట్టలవాళ్ళు. నేను చాలాసేపు నిలబడి చూసిన ఒకాయన అక్కడే కూర్చుని చేట అంచు కడుతున్నాడు. పచ్చి వెదురుని కత్తి మొనతో నెత్తిన చీల్చి, ఆ చీలికలో బొటనవేలు పెట్టి కిందికి లాగితే బద్ద చివరిదాకా ఒకే మందంలో వస్తోంది. పైపొర నున్నగా పచ్చగా, లోపొర తెల్లగా. పైపొర అంచులకీ చేటకీ, లోపొర గంపకీ. ఇంటికి తీసుకెళ్ళాక పొయ్యి పైన వేలాడదీయమని కొన్నామెకి చెప్తున్నాడు, పొగ పడితే పురుగు పట్టదని. ఆవిడ తెలుసన్నట్టు తలూపింది. ఆమె పక్క ఊరి మనిషి, ధాన్యం చెరగడానికి కొంది. నేను కూడా ఒక చేట కొన్నాను. మా ఫ్లాట్‌లో పొయ్యీ లేదు, పొగా లేదు. ఆ చేట గోడకి వేలాడుతోంది.

ఆ ఇద్దరు కొనుగోలుదారుల్లో ఆ చేట బతుకుని కాపాడుతున్నది ఆవిడే. చేట అంచు వదులైతే ఆవిడ వచ్చే వారం తెచ్చి నిలదీస్తుంది. నేను నిలదీయను, నాకు తెలీదు కూడా. నాలాంటివాళ్ళే కొంటూ పోతే చేట చిన్నదవుతుంది, రంగు వేసుకుంటుంది, అంచు మీద ‘అరకు’ అని పేరు రాసుకుంటుంది, చివరికి చెరగడానికి పనికిరాదు. ఊరి మనిషి మొదటి గిరాకీగా ఉండాలి, పర్యాటకుడు రెండో గిరాకీగా రావాలి. ఈ వరస మారితే పని పోయి షోకేసు మిగులుతుంది.

ఇది ఒక్క అరకు సంగతే కాదు. ఆదిలాబాద్‌లో ఓజాలనే పోతపనివాళ్ళు చేసే డోక్రా పని చూడండి. మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేగాని బొమ్మ రాదు, కాబట్టి రెండోది అచ్చం అలాగే ఉండదు. 2018లో దానికి జీఐ వచ్చింది. అయితే తరతరాలుగా దానికి గిరాకీ ఇచ్చింది ఎగ్జిబిషన్లు కాదు, రాజ్‌గోండుల దేవుళ్ళు. దేవరకి గంటలు కావాలి, మూర్తులు కావాలి, అవి ఓజాలే పోయాలి. సీతంపేట వైపు సవరలు గోడమీద వేసే బొమ్మలూ అంతే, అవి చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేసేవి. కాన్వాసు మీద వేసి అమ్ముకోవడం తర్వాత వచ్చింది. అమ్ముకోవడం వల్ల కొన్ని ఇళ్ళు గడుస్తున్నాయి, సంతోషం. కానీ గోడమీద వేయడం ఆగిపోయిన రోజు కాన్వాసు మీది బొమ్మకి ఏం కొత్తది చెప్పడానికి ఉంటుంది?

వెదురు దగ్గరికి మళ్ళీ వస్తాను, అక్కడ పెద్ద విచిత్రం ఉంది. గడ్డి జాతి మొక్క అయిన వెదురుని 1927 అటవీ చట్టం చెట్ల లెక్కలో కలిపింది. దాంతో బుట్ట అల్లుకోవడానికి నాలుగు బొంగులు కొట్టుకొచ్చినవాడు దొంగ. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అని, దానిమీద హక్కు అడవిలో బతికేవాళ్ళదని చెప్పింది. చట్టం వచ్చినంత మాత్రాన చెక్‌పోస్టు మారదు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామసభ తన వెదురు తాను అమ్ముకునే పాసుల పుస్తకం చేతికి తెచ్చుకోవడానికి 2011 దాకా పట్టింది. అదీ కేంద్రమంత్రి స్వయంగా వచ్చి ఇస్తే. అడవి బయట పెంచిన వెదురుని చెట్ల జాబితాలోంచి తీసింది 2017లో. బుట్టలవాళ్ళకి శిక్షణ శిబిరాలు, ధ్రువపత్రాలు, కొత్త డిజైన్లు అంటూ ఎంత ఖర్చు పెట్టినా, వెదురు వాళ్ళది కాకపోతే అది నీళ్ళు లేని బావికి గిలక పెట్టినట్టే.

అడ్డాకు విస్తళ్ళ సంగతి ఇంకా సులువు. అడవిలో తీగకి వచ్చే వెడల్పాటి ఆకుల్ని సన్నటి పుల్లలతో కుడతారు. ఒకప్పుడు మా వైపు పెళ్ళి భోజనాలన్నీ వాటిలోనే. అరకులో ఎకో రిసార్టు అని బోర్డు పెట్టుకున్నచోట కూడా నాకు టిఫిను ప్లాస్టిక్ పూత వేసిన కాగితం ప్లేటులో పెట్టారు. గేటు దగ్గర మాత్రం గిరిజన వేషంలో సిమెంటు బొమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. ఆ బొమ్మకి పెట్టిన ఖర్చుతో ఎన్ని వేల విస్తళ్ళు వచ్చేవో!

పర్యాటకమే వద్దంటున్నానా? లేదు. మారేడుమిల్లి వైపు అడవిలో విడిది గదుల్ని స్థానిక వన సంరక్షణ సమితి వాళ్ళే నడిపే పద్ధతి చాలాకాలం కిందటే మొదలైంది. వంట, కాపలా, దారి చూపడం అన్నీ ఊరివాళ్ళే. అక్కడా గొడవలు లేకపోలేదు గానీ, గల్లాపెట్టె ఎవరి దగ్గరుందో తెలుస్తుంది. అరకు చుట్టుపక్కల అది తెలియదు. కాగితం మీద పేరు స్థానిక గిరిజనుడిది, గల్లా దగ్గర కూర్చున్నది మైదానం నుంచి వచ్చినాయన. 1/70ని తప్పించుకునే దారి ఇదేనని అందరికీ తెలుసు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి తెల్లవారుజామున వందల కార్లు పోతాయి. ఎక్కేటప్పుడు చీకట్లో కనిపించవు గానీ దిగేటప్పుడు బాటకి రెండువైపులా నీళ్ళసీసాలు, చిప్స్ ప్యాకెట్లు కనిపిస్తాయి. అదే మన్యంలో ఇంకో కొండమీద గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్త, అదే రోజు పేపర్లో, అదే జిల్లా పేజీలో ఉంటుంది. వ్యూపాయింటుకి తారురోడ్డు పడినంత తొందరగా గూడేనికి పడదు.

కొందరు మిత్రులు ఇక్కడ అడ్డు తగులుతారు: "అంటే వాళ్ళని అలాగే ఉంచేద్దామంటావా, మ్యూజియంలో మట్టిబొమ్మల్లా?" అరకు మ్యూజియంలో నిజంగానే మట్టిబొమ్మలున్నాయి, 1996 నుంచి. పెదలబుడులో గిరి గ్రామదర్శిని అని ఒక ఉత్తుత్తి గూడెం కూడా కట్టారు. అక్కడ మనం వాళ్ళ బట్టలు అద్దెకి కట్టుకుని విల్లు పట్టుకోవచ్చు. వాళ్ళని బొమ్మల్లా ఉంచుదామన్న కోరిక ఎవరికి ఉందో ఇవి చూస్తే తెలుస్తుంది. నేను కోరేది దానికి పూర్తిగా ఎదురు. పాడేరులో డిగ్రీ చదివే అమ్మాయి థింసా ఆడనంటే అది ఆమె ఇష్టం. విశాఖలో నర్సు పని చేస్తానంటే అంతకన్నా మంచిది. ఒక ఆట మానేసే హక్కు కూడా ఆ ఆట ఎవరిదో వాళ్ళకే ఉండాలి. ఇంటి ఖర్చు రిసార్టు అరగంట మీద ఆధారపడి ఉంటే ఆ అమ్మాయికి మానేసే వీలుండదు, ఇష్టపడి ఆడే వీలూ ఉండదు.

చేయాల్సినవి పెద్దగా లేవు. 1/70 జోలికి పోకూడదు. బినామీ రిసార్టుల మీద ఉన్న చట్టాన్నే అమలు చేయాలి. హోమ్‌స్టే అనుమతి ఇచ్చేముందు గ్రామసభ తీర్మానం అడగాలి. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద, ఊరి సంతల మీద అధికారం ఇస్తూ 1996లోనే పీసా చట్టం వచ్చింది, మన రాష్ట్రంలో దానికి 2011లో నిబంధనలు కూడా రాశారు. వాటిని వాడితే చాలు. బొర్రా టికెట్ల మీద ఈ ఏడాది ఎంత వచ్చింది, అందులో ఈ పంచాయతీకి ఎంత చేరింది, ఎవరికి జీతాలుగా పోయింది అన్నది ఏటా బొర్రా గ్రామసభలో నిలబడి చదివి వినిపించాలి. తెలుగులో ఒకసారి, అక్కడివాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషలో ఇంకోసారి.